ఫీజు కట్టాం సరే, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(ఘంటసాలలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ వేదిక మీద మేము చదివేది ఒకటే లెక్క. ఎంతమందికి ఫీజు కట్టాం, ఎంతమందికి పుస్తకాలు కొన్నాం, ఎవరి దగ్గర ఎంత వచ్చింది, ఎంత మిగిలింది. ఆ లెక్క ఈ సంచిక వెనక పేజీల్లో ఉంది, దయచేసి చూడండి. ఈసారి ఆ లెక్కలోకి రాని విషయం ఒకటి మీ ముందు పెట్టాలనుకుంటున్నాం. మన డబ్బుతో కాలేజీ గేటు దాటిన పిల్లలు కంప్యూటరు దగ్గర ఆగిపోతున్నారు. చదువు రాక ఆగడం లేదు. ఒక ఫోన్ నంబరు, ఒక పాస్‌వర్డు, పేరులో ఒక అక్షరం దగ్గర ఆగుతున్నారు.

ముందు జరిగిన సంగతి చెబుతాం. రెండేళ్ల కిందట దివిసీమ వైపు నుంచి ఒక కుర్రాడు డిగ్రీలో చేరాడు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఫీజులో కొంత మనం కట్టాం, మిగతాది స్కాలర్‌షిప్ మీద వస్తుందన్న ధైర్యంతో చేర్చాం. దరఖాస్తు పెట్టబోతే ఆధార్‌కు కలిపిన నంబరుకు ఓటీపీ పంపామని తెర మీద వచ్చింది. ఆ నంబరు తండ్రిది. ఆయన దేశం దాటాక దానికి రీఛార్జి లేదు. తొంభై రోజులు వాడకం లేని నంబరును కంపెనీలు ఆపేస్తాయి. ఆ తరవాత మరో తొంభై రోజులు గడిస్తే దాన్ని ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. మన కుర్రాడి ఓటీపీ ఎవరి ఫోనులో మోగిందో ఆ అల్లాకే తెలియాలి. ఏం చేయాలో తెలియక, ఎవరినీ అడగలేక ఊరుకున్నాడు. గడువు దాటిపోయింది. మిగతా ఫీజు అడుగుతారన్న భయంతో కాలేజీ మానేసి ఐస్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. అక్కడి మాస్టారొకరు మాకు ఫోన్ చేయబట్టి నెల తరవాత వెనక్కి తెచ్చాం.

ఆ పని సరిచేయడానికి పట్టిందెంతో తెలుసా? ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి నంబరు మార్పించుకోవడానికి ఒక్క పూట. నంబరు మార్పుకు ఏ కాగితమూ అక్కర్లేదు. మనిషి వెళితే చాలు. ఒక్క పూట పని తెలియక ఒక ఏడాది చదువు పోబోయింది. మేము చెక్కు రాసి, రసీదు తీసుకుని, మా పని అయిపోయిందనుకున్నాం. తప్పు మాదే.

ఇప్పుడు కాలేజీలో చేరడమంటే ఏమిటో పెద్దలకు కొంచెం చెప్పాలి. మనలో చాలామంది చదువుకున్న రోజుల్లో చేరికంటే ఒక అప్లికేషను, మూడు ఫోటోలు, టీసీ, మార్కుల మెమో. గుమాస్తా గారు రిజిస్టరులో పేరు రాసుకునేవారు. 2020 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సీట్లకు కూడా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. ఇంజనీరింగుకు వెబ్ ఆప్షన్లు అంతకుముందు నుంచే ఉన్నాయి. సీటు వచ్చాక మొదలవుతుంది అసలు సంగతి. కాలేజీ వాళ్లు ఒక ఈమెయిల్ ఇస్తారు. వైఫైకి ఒక లాగిన్ ఇస్తారు. పాఠాలు, అసైన్‌మెంట్లు పెట్టే చోటుకు మరొకటి. పరీక్ష ఫీజుకు, హాల్ టికెట్టుకు, ఫలితాలకు ఇంకొకటి. స్కాలర్‌షిప్‌కు వేరే. డిజిలాకరులో ఖాతా తెరిచి, దాని ద్వారా క్రెడిట్ల బ్యాంకులో నంబరు తీసుకోవాలి. మచిలీపట్నం కృష్ణా విశ్వవిద్యాలయం కింద చదివినా, కాకినాడ జేఎన్‌టీయూ కింద చదివినా, హైదరాబాదు వెళ్లి మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చేరినా కొంచెం అటూ ఇటూగా ఇదే వరస.

బస్తీలో తల్లిదండ్రులు ఉద్యోగస్తులైతే ఇవన్నీ ఇంట్లో ఒక సాయంత్రం కూర్చుని చేసేసుకుంటారు. మన పిల్లల ఇళ్లలో ఎవరున్నారు? చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే తండ్రి, పెడనలో అద్దకం బల్ల దగ్గర నిలబడే తల్లి, రొయ్యల చెరువు మీద కాపలా ఉండే అన్న. వాళ్లకు ప్రేమ తక్కువా? లేదు. ఆ దారి తెలియదు. అందుకని పిల్లలు నెట్ సెంటరుకు పోతారు.

నెట్ సెంటరు మీద మాకు కోపం లేదు. అక్కడ కూర్చున్న కుర్రాడి ముందు నలభై మంది వరసలో ఉంటారు. ఒక్కొక్కరికి ఈమెయిల్ తెరిచే తీరిక అతనికి లేదు. తన ఈమెయిలే పెడతాడు, తన ఫోన్ నంబరే ఇస్తాడు, అందరికీ ఒకే పాస్‌వర్డు పెడతాడు. ఆ రోజుకు పని అయిపోతుంది. పరీక్ష ఫీజు నాటికి పాస్‌వర్డు పని చేయదు. మరచిపోయామని నొక్కితే కొత్తది పోయేది ఆ సెంటరు అతని ఫోనుకు. ఈలోగా అతను కొట్టు ఎత్తేసి విజయవాడ పోయి ఉంటాడు. ఇల్లు మనది, తాళంచెవి వేరే ఊళ్లో ఉంది. మన పిల్లల్లో ఒకరికి వెబ్ ఆప్షన్లు కూడా ఇలాగే ఎవరో పెట్టేస్తే అడగని కాలేజీలో సీటు వచ్చింది. దాన్ని సరిచేసే గడువు అప్పటికే దాటిపోయింది.

అందువల్ల మేము పిల్లలకు మొట్టమొదట చెప్పేది నంబరు సంగతి. పద్దెనిమిదేళ్లు నిండందే సిమ్ సొంత పేరు మీద ఇవ్వరు. చేరేనాటికి మన పిల్లల్లో చాలామందికి పదిహేడే. అప్పుడు అమ్మ పేరు మీదో నాన్న పేరు మీదో తీసుకోక తప్పదు. కానీ ఆ సిమ్ పిల్లల చేతిలో ఉండాలి, చదువు అయ్యేదాకా దాన్ని బతికించుకోవాలి. ఆఫరు వచ్చిందని మూడు నెలలకో నంబరు మార్చడం కట్టిపెట్టాలి. ఆధార్‌కూ బ్యాంకుకూ ఈమెయిల్‌కూ ఆ ఒక్క నంబరే ఉండాలి.

రెండోది పేరు. ఇది ముఖ్యంగా మన ఇళ్ల బాధ. మన ఘంటసాలలో దొరికిన పాత శాసనాల్లో ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. ఓడల మీద సముద్రాలు తిరిగిన మనిషి. రాతి మీద చెక్కారు కాబట్టి ఇన్ని శతాబ్దాలైనా చెదరలేదు. మన పిల్లల పేరు మాత్రం నాలుగు కాగితాల్లో నాలుగు తీర్లు. ఇంగ్లిషులో 'షేక్'ను ఒకచోట ఐ పెట్టి, ఒకచోట రెండు ఈలు పెట్టి, ఇంకోచోట చివర హెచ్ చేర్చి రాస్తారు. 'మహమ్మద్' ఒకచోట పూర్తిగా, ఒకచోట రెండక్షరాల పొట్టి రూపంలో. ఇంటిపేరు బడిలో ముందు రాస్తే ఆధార్‌లో వెనక రాశారు. మనిషి చూస్తే ఒకటేనని తెలుస్తుంది. యంత్రానికి అవి నాలుగు పేర్లు, నలుగురు మనుషులు. డిజిలాకరులో మెమో రాదు, క్రెడిట్ల నంబరు రాదు, స్కాలర్‌షిప్ తిరస్కరించామంటుంది.

దీనికి మా సలహా ఒకటే. పదో తరగతి సర్టిఫికెట్టులో ఎలా ఉందో దాన్నే పునాదిగా పెట్టుకుని, ఆధార్‌ను దానికి సరిచేయించండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జన్మకు రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. ఎవరో చెప్పారని తొందరపడి ఆ అవకాశం పాడు చేసుకోవద్దు. అలాగే పదిహేనేళ్లు నిండిన పిల్లల వేలిముద్రలు, కంటిపాప మళ్లీ నమోదు చేయించాలి. పదిహేను, పదిహేడేళ్ల మధ్య చేయిస్తే అది ఉచితం. ఈ సభలో పదో తరగతి పిల్లలున్న తల్లులు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని వెళ్లినా మా ప్రసంగం దండగ కాలేదనుకుంటాం.

మూడోది బ్యాంకు. ఖాతా ఉంటే చాలదు. ప్రభుత్వం నేరుగా వేసే డబ్బు ఆధార్‌కు ఏ బ్యాంకు కలిపి ఉందో ఆ బ్యాంకుకే పోతుంది. ఒక మనిషికి అలాంటి బ్యాంకు ఒక సమయంలో ఒకటే ఉంటుంది. ఆఖరున ఎక్కడ కలిపితే అదే లెక్క. పిల్లవాడు ఒక ఖాతా నంబరు రాసి దాంట్లో డబ్బు కోసం చూస్తుంటాడు, అది ఎప్పుడో చిన్నప్పుడు తెరిచిన ఇంకో ఖాతాలో పడి ఉంటుంది. బ్యాంకులో 'నా ఆధార్ ఎన్‌పీసీఐలో ఏ బ్యాంకుకు కలిసి ఉంది' అని అడగడం నేర్పాలి. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి మన పిల్లలు కౌంటరు ముందు నిలబడి వణకడం మేము కళ్లారా చూశాం.

నాలుగోది ఈమెయిలూ పాస్‌వర్డూ. ఇక్కడ మన దీన్‌లో ఉన్న మాటే వాడతాం. పాస్‌వర్డు ఒక అమానత్. అమానత్‌ను ఎలా కాపాడాలో మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చూడండి, మన పిల్లల పాస్‌వర్డుల్లో పది చూస్తే అన్నీ పేరు రాసి చివర 786 పెట్టినవే. బరకత్ కోసం పెట్టుకుంటారు, పాపం. దొంగకు కూడా 786 సంగతి తెలుసు! పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అంతకంటే తేలిక. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు వరసగా కలిపి పొడుగ్గా పెట్టుకోమని చెబుతున్నాం. మేడి, చాప, గంట, రేవు అనుకోండి. గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఇప్పుడు సభలో చెప్పేశాం కాబట్టి ఈ నాలుగూ మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు.

దాని పైన రెండంచెల తనిఖీ పెట్టించాలి. పాస్‌వర్డు ఎవరికో తెలిసినా ఫోను చేతిలో లేనిదే లోపలికి పోలేరు. ఫోను పోతే మనమే బయట ఉండిపోతామే అంటారు. అందుకు గూగుల్ ఎనిమిదంకెల కోడ్‌లు పది ముందే ఇస్తుంది. ఒక్కొక్కటి ఒక్కసారి పనికొస్తుంది. అవి కాగితం మీద రాసి ఇంట్లో అమ్మకు ఇవ్వమంటున్నాం. రేషన్ కార్డు, పొలం కాగితాలు దాచే పెట్టెలోనే పెట్టుకోమంటున్నాం. చదువురాని తల్లికి కూడా పిల్లల చదువులో ఒక బాధ్యత దొరికింది. ఒక తల్లి ఆ కాగితాన్ని ఖుర్ఆన్ షరీఫ్ పెట్టే అరలో దాచానని మాతో చెప్పింది. అంతకంటే భద్రమైన చోటు ఆ ఇంట్లో లేదు మరి.

కాలేజీ ఇచ్చే ఈమెయిల్ సంగతి వేరు. దాని మొదటి పాస్‌వర్డు వాళ్లే పెట్టి ఇస్తారు, తరచు అది రోల్ నంబరో పుట్టిన తేదీయో అయి ఉంటుంది. వచ్చిన రోజే మార్చుకోవాలి. రోజూ ఒకసారి తెరిచి చూడాలి, వాట్సాప్‌లో రాని నోటీసులు అందులో వస్తాయి. చదువైపోయాక చాలాచోట్ల ఆ ఖాతా మూసేస్తారు. ప్రాజెక్టులు, సర్టిఫికెట్లు ముందే సొంత ఈమెయిల్‌కు మార్చుకోవాలి.

ఇంత కష్టపడి లోపలికి పోతే ఏముందక్కడ అని అడగొచ్చు. చాలా ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీలో పైసా ఖర్చు లేకుండా పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. కాలేజీ సభ్యత్వం తీసుకుని ఉంటే ఎన్-లిస్ట్ అనే సేవ ద్వారా వేల రూపాయల ఖరీదైన పత్రికలు, పుస్తకాలు చదవొచ్చు. లైబ్రేరియన్ గారిని అడిగితే లాగిన్ ఇస్తారు. అడగాలని తెలియకపోవడమే అసలు లోటు. 2017లో మొదలైన స్వయంలో పెద్ద పెద్ద ఆచార్యుల పాఠాలు ఉచితంగా వినొచ్చు. బందరులో కూర్చున్న మన బిడ్డకు, ఢిల్లీలో కూర్చున్న కలెక్టరు బిడ్డకు అక్కడ ఒకటే పాఠం. తలుపు తెరవగలిగితే.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. కొంతమంది పెద్దలకు ఇది ఇబ్బందిగా ఉండొచ్చు, మన్నించండి. మన ఇళ్లలో అమ్మాయికి విడిగా ఫోను ఇవ్వడానికి జంకుతారు. భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ అప్పుడు జరిగేది ఇది. చల్లపల్లి వైపు అమ్మాయి ఒకరి కాలేజీ పనులన్నీ అన్న ఫోను మీద తెరిచారు. అన్న ఏసీ పనుల మీద చెన్నై పోయాడు, ఓటీపీలూ అతనితో పోయాయి. ఈమె పరీక్ష ఫీజు కట్టాల్సినప్పుడల్లా అతను పైకప్పు మీద పనిలో ఉంటాడు. అది రెండు మూడు నిమిషాల్లో చెల్లిపోయే అంకె. అతను కిందికి దిగి ఫోను తీసేసరికి గడువు తీరేది. చెల్లెలి మీద అన్నకు ప్రేమే. అయినా ఆమె చదువు ప్రతిసారీ అతని తీరిక కోసం కాచుకుని కూర్చుంది. ఆఖరికి వాళ్ల నానీ తన వెండి పట్టీలు తాకట్టు పెట్టి మనవరాలికి చిన్న ఫోను కొనిచ్చింది. అది విన్నప్పుడు కమిటీలో మేమెవరమూ మాట్లాడలేకపోయాం. ఆ పని ముసలామె చేయాల్సింది కాదు, మనం చేయాల్సింది.

మరో హెచ్చరిక. ఈ మధ్య కాలేజీ పిల్లల దగ్గరకు వచ్చి 'నీ బ్యాంకు ఖాతా నాలుగు రోజులు వాడుకోనివ్వు, ఐదు వేలు ఇస్తాం' అనే వాళ్లు తయారయ్యారు. మోసం చేసిన సొమ్మును ఆ ఖాతాల గుండా తిప్పుతారు. చివరికి పోలీసులు వచ్చేది ఖాతాదారు ఇంటికి. బీద పిల్లలకు ఐదు వేలు పెద్ద మొత్తం, వాళ్లకు అది నేరమని కూడా తెలియదు. ఖాతా గానీ, ఏటీఎం కార్డు గానీ, సిమ్ గానీ ఎవరికీ అరువు ఇవ్వకూడదని మసీదులో జుమా తరవాత కూడా చెప్పించాలని ఇమాం సాబ్‌లను కోరుతున్నాం. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఈ ప్రాంతపు వాళ్లకు కాగితాల విలువ వేరే చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. మనుషులు పోయిన దుఃఖం ముందు కాగితం ఎంత? అయినా బతికి బయటపడ్డవాళ్లు పట్టాలు, సర్టిఫికెట్లు నీళ్లపాలై ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇప్పుడు బోర్డులు డిజిలాకరులో ఉంచిన మెమోకు అసలు కాగితంతో సమానమైన చెల్లుబాటు ఉంది. 2016 నాటి నిబంధనలే ఆ మాట చెబుతున్నాయి. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ విలువ లేదు, బోర్డు నుంచి నేరుగా వచ్చినదానికే ఉంది. మన తీరంలో ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం అందరికంటే ఎక్కువ అవసరం.

ఇక మీ దగ్గరకు ఎందుకు వచ్చామో చెప్పి ముగిస్తాం.

ఈ ఏడాది నుంచి మనం ఫీజు కట్టే ప్రతి పిల్లవాడిని, పిల్లను చేరికకు ముందు రెండు రోజులు కూర్చోబెట్టాలని కమిటీ తీర్మానించింది. మొదటి రోజు నంబరు, పేరు, బ్యాంకు సరిచూడటం. రెండో రోజు ఈమెయిలు, పాస్‌వర్డు, డిజిలాకరు. ఎవరి ఖాతా వాళ్ల చేత్తో వాళ్లే తెరవాలి, మనవాళ్లు పక్కన కూర్చుని చూపించాలి తప్ప మౌస్ పట్టుకోకూడదు. ఆడపిల్లలకు ఆడవాళ్లే నేర్పాలి. ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం ఇస్తాం. ఏ ఖాతా ఏ నంబరు మీద, ఏ ఈమెయిల్ మీద తెరిచారో అందులో రాసుకోవాలి, పాస్‌వర్డు మాత్రం రాయకూడదు. అప్పు తీసుకుంటే రాసిపెట్టుకోవాలని బఖరా సూరాలో ఎంత వివరంగా ఉందో ఆలిములు మనకు చెబుతూనే ఉంటారు. ఆ అలవాటే ఇది.

డబ్బు విషయంలో స్పష్టంగా ఉంటాం. జకాత్ సొమ్ముతో కొన్నది తీసుకున్నవాడి సొంతం కావాలని మన ఉలమా చెబుతారు. కాబట్టి అర్హులైన పిల్లలకు ఇచ్చే ఫోను, సిమ్ రీఛార్జి జకాత్ ఖాతా నుంచి, వాళ్ల సొంతానికే ఇస్తాం, వెనక్కి అడగం. సంఘం ఆఫీసులో అందరూ వాడుకునే కంప్యూటరు, ప్రింటరు, నెట్ ఖర్చు సదఖా నిధి నుంచి పెడతాం. రెండు లెక్కలూ విడివిడిగా రాస్తాం, ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు.

అయితే ఈసారి మీ సొమ్ముతో పాటు మీ పిల్లల్ని అడుగుతున్నాం. మీ అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, మీ కోడలు ఇంజనీరింగు చదివింది, మీ మనవడు నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఉన్నాడు. ఆ రెండు రోజులు వాళ్లను ఇక్కడికి పంపండి. ఆ తరవాత ఏడాదంతా ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల ఫోను ఎత్తితే చాలు. 'అన్నా, ఇక్కడ ఆగిపోయింది' అని ఫోన్ చేస్తే విసుక్కోకుండా పలికే గొంతు కావాలి. ఐస్ ఫ్యాక్టరీకి పోయిన కుర్రాడికి ఆ రోజు లేనిది అదే.

అతను ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతున్నాడు. రెండు రోజుల శిక్షణలో పేర్లు సరిచూసే బల్ల దగ్గర తానే కూర్చుంటానని ముందుకొచ్చాడు. రేపు అక్కడ మీ పిల్లలు అతని పక్కన కూర్చుంటే మాకు అంతకంటే ఏమీ వద్దు.

మొదటి వహీ చదువుతో మొదలైందని, వెంటనే కలం ప్రస్తావన వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఈ కాలపు కలం మన పిల్లల చేతికి అందించే శక్తి, ఓపిక అల్లాహ్ మనందరికీ ఇవ్వాలని, మీ దానాలను కబూల్ చేయాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం. ఆమీన్.